పోయిన తొమ్మిది నెలలు



మా పిన్నమ్మది హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బస్సెక్కి కాస్త దూరం పోతే కన్నడం. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఇదేమీ వింత కాదు. 1997లో ఆమెకు చంకలో గోలీకాయంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు, జ్వరం లేదు. అయినా చిన్నాయన ఊరుకోలేదు. కర్ణాటక వైపు ఉన్న ఒక నర్సింగ్ హోముకు పిల్చుకొని పోయినాడు. డాక్టరు గడ్డను వేళ్లతో నొక్కి చూసి, కొవ్వు గడ్డ, భయం లేదు అని మాత్రలు రాసిచ్చాడు. రెండు నెలలకొకసారి పోతూనే ఉన్నారు. మాత్రలు మారాయి గానీ మాట మారలేదు. తొమ్మిదో నెలలో రొమ్ములో కూడా గట్టిగా తగలడం మొదలయ్యాక మద్రాసు తీసుకుపోయారు. అక్కడ సూది గుచ్చి కణాలు తీసి పరీక్ష చేశారు. రొమ్ము క్యాన్సర్, అప్పటికే ఎముకల దాకా పాకింది.

చిన్నాయన అక్కడి డాక్టరును ఒకే ఒక్క మాట అడిగాడు. "ముందే పిల్చుకొచ్చింటే బతికేదా సారూ?" ఆ డాక్టరు కొంచెంసేపు ఆగి, "చెప్పలేమండీ, అవకాశం మాత్రం ఎక్కువ ఉండేది" అన్నాడు.

చిన్నాయన అడిగిన ఆ ప్రశ్ననే లండన్ నుంచి బోస్టన్ దాకా పెద్ద పెద్ద న్యాయస్థానాలు దశాబ్దాలపాటు అడుగుతూ వచ్చాయి. ఆలస్యం వల్ల పోయింది ప్రాణమా, అవకాశమా? అవకాశం పోతే దానికి ఖరీదు కట్టవచ్చా? ఆ చరిత్రనే ఈ వేళ మీతో పంచుకుంటాను.

ముందుగా వ్యాధి సంగతి రెండు మాటలు. క్యాన్సర్‌ను వైద్యులు నాలుగు దశలుగా చెబుతారు. పుట్టిన చోటే ఉంటే మొదటి దశ, దూరపు అవయవాలకు పాకితే నాలుగోది. చాలా రకాల్లో మొదటి దశలో కోసి తీసేస్తే సరిపోయేది, నాలుగో దశలో ఏం చేసినా రోజులు పొడిగించడమే అవుతుంది. కాబట్టి ఇక్కడ నెలలకు విలువ ఉంది. కానీ ఏ ఒక్క రోగి విషయంలోనూ, ఫలానా నెలలో చూసి ఉంటే తప్పకుండా బతికేవాడు అని వైద్యశాస్త్రం చెప్పలేదు. వందమందిలో ఇంతమంది అని మాత్రమే చెప్పగలదు. చట్టానికేమో ఒక మనిషి గురించి అవును, కాదు అనే జవాబు కావాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఇంగ్లండులో మాల్కం గ్రెగ్ అనే ఆయనకు ఎడమ చంక కింద గడ్డ లేచింది. 1994 నవంబరులో డాక్టర్ స్కాట్ అనే వైద్యుడికి చూపించుకున్నాడు. ఆ డాక్టరు చెప్పిన మాట వింటే మీరు ఆశ్చర్యపోతారు. కొవ్వు గడ్డ, ఏమీ చెయ్యనక్కర్లేదు అన్నాడు. నాకైతే ఆ తీర్పు చదువుతూ ఉంటే మా పిన్నమ్మే కళ్ల ముందు మెదిలింది. మరుసటి ఏడు ఇంకొక డాక్టరు చూసి పెద్దాసుపత్రికి పంపితే, అది లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. పోయింది సుమారు తొమ్మిది నెలలు. ఈలోగా కణితి ఛాతీ వైపు పాకింది.

గ్రెగ్ దావా వేశాడు. ఆసుపత్రికి పంపకపోవడం డాక్టరు నిర్లక్ష్యమేనని మొదటి న్యాయమూర్తి ఒప్పుకున్నాడు. మరి నష్టపరిహారం? అందుకు నిపుణులను పిలిచి లెక్క అడిగారు. సకాలంలో వైద్యం మొదలై ఉంటే పదేళ్లపాటు జబ్బు లేకుండా బతికే అవకాశం నూటికి 42 పాళ్లు, ఆలస్యం తర్వాత నూటికి 25 పాళ్లు అని లెక్క తేలింది. పోయింది 17 పాళ్లు. మామూలు మనిషిని అడిగితే ఆ 17కు తగిన సొమ్ము ఇప్పించండి అంటాడు. కోర్టు ఒక్క పౌను కూడా ఇప్పించలేదు.

ఎందుకంటే సివిల్ వ్యవహారాల్లో ఆంగ్ల న్యాయానికి ఒక తక్కెడ ఉంది. ఒక సంగతి జరిగి ఉండటానికే ఎక్కువ ఆస్కారం ఉందని, అంటే నూటికి యాభైకి పైన ఉందని నిరూపిస్తే అది పూర్తిగా నిజమైనట్టే. అంతకు తగ్గితే పూర్తిగా అబద్ధమైనట్టే. గ్రెగ్‌కు మొదట ఉన్న అవకాశమే 42. అంటే సకాలంలో చూసినా అతను కోలుకోకపోవడానికే ఎక్కువ ఆస్కారం. కాబట్టి డాక్టరు ఆలస్యం వల్ల పోయింది ఏమీ లేదని లెక్క. అదే అతనికి మొదట 55 ఉండి 25కు పడిపోయి ఉంటే పరిహారం వచ్చేది.

ఈ తక్కెడ అంతకుముందే ఒక పిల్లవాడి కేసులో గట్టిపడింది. 1977లో స్టీఫెన్ హాట్సన్ అనే 13 ఏళ్ల కుర్రాడు చెట్టు మీది నుంచి పడి తుంటి దెబ్బ తగిలించుకున్నాడు. ఆసుపత్రి వాళ్లు ఆ దెబ్బను ఐదు రోజులు గుర్తుపట్టలేదు. వెంటనే గుర్తించి ఉంటే కాలు బాగుపడటానికి నూటికి 25 అవకాశం ఉండేదని తేలింది. కింది న్యాయమూర్తి పూర్తి నష్టంలో నాలుగో వంతు కట్టి 11,500 పౌన్లు ఇప్పించాడు. మన పల్లె పెద్దమనుషులు పంచాయతీ చేసినా ఇలాగే చేస్తారు కదా. కానీ 1987లో ప్రభువుల సభ ఆ తీర్పును కొట్టేసింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది, చెప్పకుండా ఉండలేను. అదే ఇంగ్లండులో 1911లో ఒక అందాల పోటీ కేసు వచ్చింది. సీమోర్ హిక్స్ అనే నాటకాల యజమాని పత్రికల ద్వారా పోటీ పెట్టాడు. 6,000 ఫోటోలు వచ్చాయి. వాటిలోంచి 50 మందిని తేల్చి, వాళ్లలో 12 మందికి నాటకాల్లో ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ 50 మందిలో ఒకరైన చాప్లిన్ అనే అమ్మాయికి పిలుపు ఉత్తరం ఆలస్యంగా చేరి, హాజరు కాలేకపోయింది. ఆమె గెలిచి ఉండేదో లేదో ఎవరికీ తెలియదు. లెక్క ప్రకారం నాలుగింట ఒక వంతు అవకాశం కూడా లేదు. అయినా ఆ పోయిన అవకాశానికే 100 పౌన్ల పరిహారం నిలబడింది. అది ఒప్పందం కేసు, ఇది వైద్యం కేసు అని లాయర్లు తేడా చెబుతారు. ఉండవచ్చు. ఉత్తరం ఆలస్యమైతే అవకాశానికి ఖరీదు ఉంది, రోగనిర్ధారణ ఆలస్యమైతే లేదు అంటే వినే వాడికి మింగుడు పడదు.

గ్రెగ్ కేసు 2005 జనవరిలో ప్రభువుల సభలో తేలింది. ఐదుగురు న్యాయమూర్తులు. ముగ్గురు గ్రెగ్‌కు వ్యతిరేకం, ఇద్దరు అనుకూలం. అనుకూలంగా రాసిన లార్డ్ నికల్స్ వాదన సూటిగా ఉంది. 60 పాళ్ల అవకాశం పోగొట్టుకున్న రోగికి పరిహారం ఇచ్చి, 40 పాళ్లు పోగొట్టుకున్న రోగిని ఉత్త చేతులతో పంపడం హేతువుకు నిలవదని ఆయన భావం. ఎదుటి పక్షం భయాన్ని కూడా కొట్టిపారేయలేం. ప్రతి పోయిన అవకాశానికీ డబ్బు కడుతూ పోతే దావాలకు అంతు ఉండదు, ఆ ఖర్చు చివరికి ప్రజల వైద్యం మీదే పడుతుంది అన్నారు. ఇంకొక సంగతి, తీర్పు నాటికి గ్రెగ్ బతికే ఉన్నాడు. జబ్బు బయటపడి అప్పటికి దాదాపు పదేళ్లు. శాతాలు మనిషిని ఎంతవరకు కొలుస్తాయో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

ఫ్రాన్సులో దారి వేరు. పోయిన అవకాశం కూడా ఒక నష్టమేనని అక్కడి పై కోర్టు 1889లోనే ఒక అప్పీలు వ్యవహారంలో ఒప్పుకుంది. అప్పటికి మన యానాం ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉంది. వైద్యానికి ఆ సూత్రాన్ని 1965లో వర్తింపజేశారు. అప్పటికి యానాంలో ఫ్రెంచి జెండా దిగి పదేళ్లు దాటింది. సూత్రం మన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిందని నేను సరదాగా అంటూ ఉంటాను.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. సియాటిల్‌లో హెర్స్కోవిట్స్ అనే ఆయన 1974లో దగ్గు, ఛాతీ నొప్పి అని పోతే దగ్గు మందు ఇచ్చి పంపారు. తర్వాత అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఆరు నెలల ఆలస్యం వల్ల ఐదేళ్లు బతికే అవకాశం 39 నుంచి 25కు పడిపోయిందని నిపుణులు చెప్పారు. ఆ తగ్గుదల మీద జ్యూరీ విచారణ జరగాల్సిందేనని 1983లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో మసాచుసెట్స్ ఇంకా స్పష్టంగా లెక్క కట్టింది. మత్సుయామా అనే రోగికి కడుపు క్యాన్సర్ ఆలస్యంగా తెలిసింది. మొదట అతనికి ఉన్న అవకాశం 37.5 పాళ్లు. మరణానికి పూర్తి పరిహారం 8,75,000 డాలర్లు అనుకుంటే అందులో 37.5 పాళ్లు, అంటే 3,28,125 డాలర్లు కుటుంబానికి ఇప్పించారు. హాట్సన్ కేసులో కింది న్యాయమూర్తి వేసిన లెక్కే ఇది. ఆస్ట్రేలియా మాత్రం 2010లో ఇంగ్లండు దారినే పట్టింది.

ఇంతవరకూ డాక్టరు తప్పు చేశాడని తేలిన తర్వాత సంగతి. అసలు తప్పు అని ఎప్పుడు అంటాం? 1957లో ఇంగ్లండులో బోలం అనే రోగి కేసులో ఒక కొలత ఏర్పడింది. ఆ విద్యలో ఆరితేరిన వైద్యుల్లో ఒక బాధ్యతగల వర్గం అలాగే చేసి ఉండేదా అన్నదే ఆ కొలత. మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో దాన్నే అనుసరించింది. ఆ కేసులోని రోగి కూడా క్యాన్సర్ ముదిరినవాడే. లూధియానా ఆసుపత్రిలో ఊపిరాడక అల్లాడుతుంటే తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉందని కుటుంబం ఆరోపణ. పోలీసు కేసుకు మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని కోర్టు చెప్పింది. కాబట్టి ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నడవాల్సిన చోటు పోలీసు స్టేషను కాదు, వినియోగదారుల కమిషను.

న్యాయం రెండు వైపులా చూడాలి. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆలస్యంగా తెలియడానికి ఒక పెద్ద కారణం క్షయ. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే, దగ్గు ఉంటే, క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో డాక్టరు ముందు క్షయ అనుకోవడం తప్పని నేను అనను. కానీ నెలల తరబడి మందులు మింగినా మచ్చ తగ్గకపోతే, కఫంలో క్రిములు కనిపించకపోతే, మళ్లీ ఆలోచించాలి కదా. మొదటి అంచనా తప్పడం మానవ సహజం. ఆ అంచనాను పట్టుకుని వదలకపోవడం దగ్గరే నిర్లక్ష్యం మొదలవుతుంది.

మన దగ్గర ఈ చరిత్ర పూనాలో మొదలైందనవచ్చు. 1953 మే నెలలో రత్నగిరి జిల్లా సముద్రపు ఒడ్డున తొడ ఎముక విరిగిన ఒక యువకుణ్ణి అక్కడికి తీసుకుపోయారు. సరిగా మత్తు ఇవ్వకుండా బలంగా ఎముక లాగడంతో తట్టుకోలేక చనిపోయాడని తండ్రి దావా. రోగిని చేర్చుకునేటప్పుడు, వైద్యం నిర్ణయించేటప్పుడు, వైద్యం చేసేటప్పుడు డాక్టరుకు ఉండే బాధ్యతలను సుప్రీంకోర్టు 1968లో ఆ కేసులోనే వివరించింది. గెలిచిన తండ్రికి దక్కింది 3,000 రూపాయలు, అదీ 15 ఏళ్లకు. ఇక పేదవాడు కోర్టు మెట్లెక్కడం ఎక్కడ?

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కొంత దారి తెరుచుకుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఆ చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరు 13న శాంతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట, ఆ ఉచిత రోగికి కూడా హక్కు ఉంది. 2019లో చట్టం మారినప్పుడు వైద్యం అనే మాట అందులో లేదు కాబట్టి మేము రాము అని కొందరు డాక్టర్లు వాదించారు. 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

మన తెలుగువాళ్ల కేసు ఒకటి ఈ దారిలో ముఖ్యమైన మైలురాయి. హైదరాబాదులో కిషన్ రావు గారని మలేరియా శాఖలో ఉద్యోగి. 2002లో ఆయన భార్యకు చలిజ్వరం వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా శాఖ ఉద్యోగి ఇంట్లో వచ్చిన మలేరియాకు అక్కడ టైఫాయిడ్ వైద్యం చేశారు. నాలుగు రోజుల తర్వాత మరో ఆసుపత్రికి మార్చినా ఆమె దక్కలేదు. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని పై రెండు కమిషన్లూ కొట్టేశాయి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదు, తప్పు కళ్లకు కనిపిస్తుంటే చాలు అని 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. ఒక డాక్టరు మీద ఇంకొక డాక్టరు చేత సాక్ష్యం చెప్పించడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఈ తీర్పు అవసరమైంది.

ఇక కాలదోషం సంగతి. ప్రోనోటుకు కాలదోషం పట్టినట్టే ఫిర్యాదుకూ పడుతుంది. మనకు గడువు రెండేళ్లు. కానీ క్యాన్సర్ విషయంలో, డాక్టరు పొరబడ్డాడని రోగికి తెలిసేసరికే గడువు దాటిపోవచ్చు. న్యూయార్కులో లావెర్న్ విల్కిన్సన్ అనే తల్లికి సరిగ్గా ఇదే జరిగింది. 2010లో తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2012లో తెలిసేసరికి జబ్బు ముదిరింది, దావా గడువూ అయిపోయింది. 2013లో ఆమె పోయింది. ఆమె పేరుతోనే 2018లో చట్టం తెచ్చారు. క్యాన్సర్ కేసుల్లో గడువును తప్పు జరిగిన రోజు నుంచి కాక, తెలిసిన రోజు నుంచి, తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్కించాలని అందులో ఉంది.

మన సుప్రీంకోర్టు కూడా ఈ తెలిసిన రోజు సూత్రాన్ని 2010లో శ్రీఖండే కేసులో చర్చించింది. 1993లో బొంబాయిలో పిత్తాశయానికి ఆపరేషన్ చేయించుకున్న గోవా నర్సు కడుపులో గాజుగుడ్డ ఉండిపోయింది. 2002లో అది బయటపడింది, 2004లో ఫిర్యాదు చేసింది. అన్నేళ్లు నొప్పి పడుతూ, నర్సై ఉండి కూడా, ముందే పరీక్ష ఎందుకు చేయించుకోలేదని కోర్టు ఆమె ఫిర్యాదును తోసిపుచ్చింది. నాకు ఆ తీర్పు కొంచెం కఠినంగానే తోచింది.

మా చిన్నాయన విషయంలో గడువు కన్నా ముందు ఇంకొక గోడ అడ్డం వచ్చింది. 1986 చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాలంటే ఎదుటి పక్షం ఉన్న చోట గానీ, వ్యవహారం జరిగిన చోట గానీ చేయాలి. అంటే తమిళనాడు పల్లెలో ఉన్న తెలుగు రైతు కర్ణాటకకు పోయి, కన్నడ ఊళ్లో లాయరును పట్టుకుని, వాయిదాకు వాయిదాకు బస్సెక్కాలి. ఒకసారి పోయి, ఫోరం ఆఫీసు గుమ్మం దాకా పోయి, తిరిగొచ్చాడు. తర్వాత పిన్నమ్మ పోయింది. రెండేళ్లూ గడిచిపోయాయి. రాయగడ నుంచి విశాఖకూ, బళ్లారి నుంచి కర్నూలుకూ, సిరొంచ నుంచి వరంగల్లుకూ వైద్యానికి పోయే మన వాళ్లందరికీ ఆనాడు ఇదే గోడ.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఈ గోడను కూల్చింది. వైద్యం ఏ రాష్ట్రంలో జరిగినా, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే వేయవచ్చు. వీడియో ద్వారా విచారణకు హాజరు కావడానికి కూడా అడగవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టరు మూడేళ్లు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడిగేది రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు సంతకం తీసుకోవడం మేలు.

పోయిన ఏడు చిన్నాయన ఇంటికి పోయినప్పుడు ట్రంకుపెట్టె తీసి పిన్నమ్మ కాగితాలు చూపించాడు. ఆ తొమ్మిది నెలల మందుల చీటీలు అన్నీ వరుసగా గుండుసూది పెట్టి ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మాత్రల పేర్లు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. జబ్బు పేరు ఏ చీటీ మీదా లేదు.